పంటి బిగువున ఎన్నాళ్లు?

ఆడవాళ్ల ఓర్పుకు మన భాష పెట్టిన పేరు చూడండి: పంటి బిగువున భరించడం. ప్రసవం నొప్పి పంటి బిగువున, మొగుడి దెబ్బ పంటి బిగువున, అత్తింటి మాట పంటి బిగువున. మరి నొప్పి వచ్చింది పంటికే అయితే? అప్పుడు ఏ బిగువున భరించాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ఒక పల్లెలో, చెంపకు తువ్వాలు కట్టుకుని ఉపాధి పనిలో మట్టి మోస్తున్న యాభై ఏళ్ల మనిషి దగ్గర దొరికింది. ఆమెను నేను పిన్నీ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

2024 ఏప్రిల్ చివరి రోజులు. పిన్నికి కుడివైపు కింది దవడ పన్ను పుచ్చి, దౌడ వాచి, మూడు రాత్రులుగా నిద్ర లేదు. నియోజకవర్గ కేంద్రంలో ఉన్న సర్కారు ఆసుపత్రికి మొదటిసారి ఒక్కతే వెళ్లింది. పొద్దున్నే ఆటో, ఆపైన బస్సు. ఓపీ చీటీ దగ్గర ఫోను చూపించి స్కాన్ చెయ్యమన్నారట. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకుతో పాటు చెన్నైలో భవన నిర్మాణం పనికి పోయింది. సరే, వెనక వరసలో నిలబడమన్నారు. చీటీ చేతికొచ్చి పంటి గది దగ్గరికి వెళ్లేసరికి తాళం వేసి ఉంది. డాక్టరుకు వారంలో రెండు రోజులు ఇంకో ఆసుపత్రిలో డ్యూటీ అట. గురువారం రమ్మన్నారు. గురువారం వెళితే డాక్టరు ఉంది, కుర్చీకి గాలి అందించే మోటారు చెడిపోయింది. మాత్రలిచ్చి మళ్లీ వారం రమ్మన్నారు. మూడోసారి నేను కూడా వెళ్లాను. ఆ రోజు డాక్టరూ ఉంది, మోటారూ తిరుగుతోంది, కానీ పిన్నికి బీపీ చాలా ఎక్కువగా ఉంది. తగ్గాక గానీ పన్ను తియ్యకూడదని డాక్టరు చెప్పింది. అది సరైన మాటే, ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. కానీ ఆ బీపీ మొదటి రోజునే చూసి ఉంటే? గది తాళం వేసి ఉన్నా బీపీ చూసే మిషను ఆ ఆసుపత్రిలో పది చోట్ల ఉంటుంది గదా. నాలుగోసారి వెళ్లేసరికి డాక్టరు ఏదో క్యాంపుకు వెళ్లింది. అయిదోసారి పన్ను ఊడింది. అప్పటికి జూన్ వచ్చేసింది.

ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. పనిచోట హాజరు ఫోనులో ఫోటో తీసి వేస్తారు, పొద్దున ఒకసారి, మళ్లీ ఇంకో పూట ఒకసారి. మధ్యలో ఆసుపత్రికి వెళ్లి వస్తానంటే కుదరదు, రెండో ఫోటోలో మొహం లేకపోతే ఆ రోజు లేనట్టే. అయిదు రోజుల కూలి 1,500 పోయింది, ఆటో బస్సు ఖర్చు వేరే. పక్క వీధిలో ప్రైవేటు పంటి డాక్టరు కొన్ని వందలు తీసుకుని అదే రోజు పన్ను పీకేవాడు. ఉచితమని వెళితే ఉచితమే ఖరీదైంది. ఈ లెక్క పిన్నికి నాకంటే బాగా తెలుసు. "ఓపీ అంటే ఓపికే తల్లీ, ఓపిక నేకపోతే సర్కారాసుపత్రికి రాకూడదు" అంది, వరసలో నిలబడి. అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వారు, ముందు పళ్లు లేవు.

పేదవాళ్లకు రాజ్యం ఇచ్చే సేవల్లో మొదటిది ఎదురుచూపు. అర్జెంటీనాకు చెందిన సమాజశాస్త్రవేత్త జేవియర్ ఆయెరో బ్యూనస్ ఎయిర్స్ సంక్షేమ కార్యాలయాల్లో కూర్చుని, గంటలు గంటలు నిరీక్షించే పేదలను, వాళ్లలో ఎక్కువమంది అయిన స్త్రీలను గమనించి 2012లో ఒక పుస్తకం రాశాడు. మళ్లీ రా, రేపు రా, ఇంకో కాగితం తే అనే మాటలతోనే పౌరులు రాజ్యానికి అణిగిమణిగి ఉండే రోగులుగా తయారవుతారని ఆయన వాదన. మన ఆసుపత్రి వరండాలో ఆ పుస్తకం అక్కర్లేకుండానే ఆ సంగతి తెలుస్తుంది. అయితే ఒక తేడా ఉంది. మగవాడు ఎదురుచూసేది తన ఒక్కడి టైము. ఆడది ఎదురుచూస్తున్నప్పుడు ఇంటి దగ్గర పొయ్యి, పశువు, చంటిబిడ్డ, నీళ్ల బిందె కూడా ఎదురుచూస్తుంటాయి. అందుకే తేదీ అనేది మనకు చిన్న విషయం కాదు. "గురువారం రా" అన్నవాళ్లు ఆ మాట ఏ కాగితం మీదా రాయలేదు. రాయనిది ఎవరూ తప్పినట్టు కాదు. అయిదుసార్లు తిరిగిన పిన్ని పేరు మీద ఆ ఆసుపత్రి రికార్డులో నాలుగుసార్లు వెనక్కి పంపిన జాడ ఎక్కడా ఉండదు, అయిదు ఓపీలు చూసినట్టు మాత్రం ఉంటుంది. అంకెల్లో అది పనితీరు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మా ప్రాంతంలో పళ్ల సంగతి ఎప్పుడు ఎత్తినా ఆఫీసర్ల నోటా, మన స్వచ్ఛంద సంస్థల రిపోర్టుల్లోనూ వచ్చే జవాబు ఒకటే: మహిళల్లో అవగాహన లేదు. చుట్ట తాగుతారు, అదీ అడ్డపొగ తాగుతారు, పళ్లు తోముకోరు, నాటు వైద్యం చేసుకుంటారు. అవగాహన సదస్సు పెట్టాలి. బ్యానరు, టీ, ఫోటో. ఇలాంటి సదస్సుల్లో నేనూ మాట్లాడాను, కాబట్టి ఈ విమర్శలో నేనూ ఉన్నాను.

అవగాహన ఎవరికి లేదో చూద్దాం. అడ్డపొగ అంటే చుట్ట వెలిగిన కొసను నోటిలోపల పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ముసలి ఆడవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. గాలికి నిప్పు ఆరదు, చంకలో బిడ్డ మీద నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్ల ముందు నిప్పు కనపడదు. అంటే ఈ అలవాటు తెలివితక్కువతనం నుంచి రాలేదు, పని నుంచీ అదుపు నుంచీ వచ్చింది. పంటిపోటు తగ్గుతుందని మొదలుపెట్టామని చెప్పిన ఆడవాళ్లు కూడా నాకు తగిలారు. పన్ను చూసే మనిషి లేనిచోట పొగాకే పంటి మందు.

దీని గురించి సైన్సుకు తెలియదా? 1945లోనే ఖనోల్కర్, సూర్యాబాయి అనే ఇద్దరు పరిశోధకులు చుట్ట నిప్పు వల్ల అంగిలికి వచ్చే కేన్సరు గురించి అమెరికా వైద్య పత్రికలో రాశారు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు సంగతి. 1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్లు దేశంలో అయిదు జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది పల్లె జనం నోళ్లు చూశారు. ఆ అయిదింటిలో ఒకటి శ్రీకాకుళం. విజయనగరం జిల్లా అప్పటికి పుట్టలేదు, అది 1979లో ఏర్పడింది. శ్రీకాకుళం పేరు దేశమంతటా పూర్తిగా వేరే కారణానికి మారుమోగుతున్న రోజులవి. కొండల్లో పోలీసు క్యాంపులు, మైదానంలో నోటి పరీక్షలు. ఆ మేళనం మీద ఎవరైనా చరిత్ర రాయాలి. 1971లో డెన్మార్కు శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన మెహతా బృందం కలిసి శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన ఫలితాలు బ్రిటిష్ కేన్సర్ పత్రికలో అచ్చయ్యాయి. నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఈ పరిశోధనలకు డబ్బు అమెరికా నుంచి, పీఎల్ 480 ఒప్పందం కింద వచ్చింది. గోధుమలు అమ్మిన రూపాయలు మన అంగిళ్ల దాకా వచ్చాయన్నమాట. 1974లో విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల నుంచి మరో వ్యాసం. ఆ తరవాత మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఏళ్ల తరబడి వెంటాడి చూసిన పెద్ద అధ్యయనం, అందులోనూ శ్రీకాకుళం ఉంది. దాని అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. మనుషులకు ఓపికగా చెబితే మానేస్తారని, మానేసినవాళ్ల నోళ్లలో మచ్చలు తగ్గుతాయని అది చూపించింది.

నేను ఈ పరిశోధకులను తిట్టడం లేదు. వాళ్లు మంచి పని చేశారు. పల్లె ఆడవాళ్లు నోరు తెరిచి చూపించబట్టే పొగాకుకూ నోటి కేన్సరుకూ ఉన్న బంధం ప్రపంచానికి అంత స్పష్టంగా తెలిసింది. నా కోపమల్లా ఆ తరవాత జరగని దాని మీద. లోకానికి పాఠం నేర్పిన ఈ నోళ్లకు తిరిగి ఏం దక్కింది? ఏ దేశపు దంత వైద్య విద్యార్థి అయినా అంగిలి మీద ఎర్రచుక్కల తెల్లమచ్చ గురించి చదివేటప్పుడు మా ప్రాంతం ప్రస్తావన తగలక మానదు. అదే ప్రాంతపు ఆడమనిషికి పన్ను పీకించుకోవడానికి తేదీ దొరకదు. చూడ్డానికి పనికొచ్చిన నోరు బాగుచెయ్యడానికి పనికి రాలేదు.

వ్యవస్థ ఎలా కట్టారో ఒకసారి చూస్తే కారణం తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పంటి డాక్టరు ఉండడు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లో దంత వైద్యుడి పోస్టు మొదలయ్యేది సామాజిక ఆరోగ్య కేంద్రం దగ్గరే. అక్కడ పోస్టు ఉంటే మనిషి ఉండాలి, మనిషి ఉంటే కుర్చీ పనిచెయ్యాలి, కుర్చీ పనిచేస్తే మత్తు మందూ సిమెంటూ ఉండాలి, ఇవన్నీ ఒకే రోజు ఉండాలి. గ్రామానికి వచ్చే 104 బండిలో బీపీ, షుగరు చూస్తారు, మందులిస్తారు. పన్ను తీసే ఏర్పాటు అందులో లేదు. ఉత్తరాంధ్రలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఒక్కటి కూడా లేదు. రాష్ట్రంలో ఉన్న రెండూ విజయవాడ, కడపల్లో ఉన్నాయి. మా వైపు ఉన్నవి ప్రైవేటువి. వాటికి విద్యార్థుల చేతులకు పని కావాలి గనుక ఊళ్లకు క్యాంపులకు వస్తారు, పేదవాళ్లకు తక్కువకే చేస్తారు. మేలే. కానీ నా నోరు ఇంకొకరి పరీక్షకు పనికొచ్చినప్పుడే నాకు వైద్యం అనేది 1960ల నాటి కథే గదా, ఇంకో రూపంలో. మరోపక్క దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి, ఏటా పాతిక వేల మంది దాకా బయటికొస్తున్నారు, అందులో అమ్మాయిలే ఎక్కువ. చదువుకున్న అమ్మాయి ఉద్యోగం లేక, లేదా ఆరు నెలల కాంట్రాక్టు మీద; చదువు లేని అమ్మ పంటి డాక్టరు లేక. వీళ్లిద్దరినీ ఒక గదిలో కలపడానికి అడ్డం వస్తున్నది అవగాహన కాదు, మంజూరు కాని పోస్టు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేర్లు మారాయి, పథకం నడుస్తోంది. ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే పెద్ద చికిత్సల చుట్టూ కట్టిన పథకం. దవడ విరిగితే డబ్బు కడుతుంది, నోటికి కేన్సరొస్తే డబ్బు కడుతుంది. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు కుర్చీ మీద కూర్చోబెట్టి సిమెంటు నింపే పని, ఊడిన పళ్లకు సెట్టు కట్టే పని ఆ లెక్కలోకి వచ్చే రకం కాదు. జబ్బు ముదిరి ప్యాకేజీ అయ్యేదాకా ఆగాలి. ఇక్కడ ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెద్ద గొడవయ్యాయో మనందరికీ తెలుసు, వాటి మీద మనం పోరాడాం. ఆడదాని ఒంట్లో దేనికి డబ్బొస్తుందో అది తొందరగా తీసేస్తారు. డబ్బు రాని పన్నును తియ్యడానికి అయిదు గురువారాలు పడుతుంది.

ఇందులో మన తప్పు కూడా ఉంది. స్త్రీల ఆరోగ్యం అంటే గర్భసంచీ, కుటుంబ నియంత్రణా తప్ప మరేమీ కాదన్నట్టు నడిచిన రాజ్యాన్ని మనం విమర్శించాం. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చినప్పుడు మన శరీరాన్ని మనం తెలుసుకోవచ్చని ఎంతమందికి ధైర్యం వచ్చిందో నాకు గుర్తుంది. నేనప్పుడు బడిపిల్లను, మా అక్క గదిలో దొంగచాటుగా చదివాను. కానీ ఆ తరవాత మన సదస్సుల ఎజెండాలు చూడండి. రక్తహీనత, ప్రసవ మరణాలు, హింస, సరే. నోరు? స్త్రీకి నోరు లేదని, నోరెత్తనివ్వరని వెయ్యి వ్యాసాలు రాశాం. ఆ నోట్లో ఉన్న పళ్ల గురించి, చిగుళ్ల గురించి, నాలుగు ముద్దలు నమల్లేక చారునీళ్లు తాగి పడుకునే ముసలమ్మ గురించి రాసింది ఎంత? పళ్లు లేని మనిషికి రక్తహీనత ఎందుకొస్తుందో అడిగామా? పోషకాహారం మీద చార్టులు అంటించాం, వేరుశెనగ చెక్కి పంచాం. ఏ పళ్లతో కొరుకుతారని చూడలేదు.

గర్భిణుల సంగతి మరీ ఘోరం. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు వాచడం, రక్తం కారడం మామూలే. చాలా రకాల దంత చికిత్స గర్భిణికి సురక్షితంగానే చెయ్యొచ్చు. కానీ "కాన్పయ్యాక రా" అని పంపేస్తారు, ఇంట్లో అత్తగారూ అదే అంటుంది. కాన్పయ్యాక బాలింతకు చల్లగాలి తగలకూడదు, ఆ తరవాత పాలిచ్చే తల్లి, ఆ తరవాత మళ్లీ కడుపు. ఆ "అయ్యాక" ఎప్పటికీ రాదు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులందరినీ ఒకచోటికి రప్పిస్తున్నారు. బరువు, బీపీ, రక్తం, స్కానింగు అన్నీ చూస్తారు. అంతమంది వరసగా కూర్చున్నచోట ఒక్కొక్కరి నోరు తెరిచి చూడ్డానికి ఒక దంత వైద్యురాలు, ఒక టార్చి చాలు.

ఉద్దానంలో అయితే ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని నేననను. కానీ దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి మాత్ర విషమని ఏ డాక్టరైనా చెబుతాడు. పలాస జీడిపప్పు బట్టీల్లో కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్లకు పంటిపోటు వస్తే ఏం చేస్తారు? మధ్యాహ్నం దాకా మూసి ఉండే తేదీ కోసం పని పోగొట్టుకోరు. ఆరెంపీ దగ్గరో, మందుల షాపులోనో రెండు మాత్రలు కొని మింగి పిక్కలు కొడతారు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ మాత్ర. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఎన్నో ఏళ్ల పోరాటం తరవాత వచ్చినవి, సంతోషమే. ఆ పడకల దాకా రాకుండా ఆపగలిగే పంటి కుర్చీ ఎంత ఖరీదు చేస్తుంది?

ఫోనులో ముందుగా నమోదు చేసుకుంటే వరస ఉండదని కొత్తగా చెబుతున్నారు. స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది. చదువుకున్నవాళ్లకు హాయిగా ఉంది. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సగం మంది కూడా లేరు. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు అయిదుగురిలో ఒకరు. ఓటీపీ వచ్చేది మొగుడి ఫోనుకో కొడుకు ఫోనుకో. అంటే ఆమె పన్ను నొప్పికి ఇంటి మగవాడి అనుమతి ఇప్పుడు మిషను ద్వారా కూడా అడుగుతున్నారు. ఫోను లేనివాళ్లకు ఇంకో వరస ఉందంటారు. పిన్ని నిలబడింది ఆ వరసలోనే, అది వెనకది.

బయటి లోకంలో ఏం చేశారని అడిగేవాళ్లుంటారు. ఇంగ్లండులో 1948 జులైలో ఉచిత వైద్యం మొదలైనప్పుడు పళ్ల సెట్ల కోసం జనం విరగబడ్డారు. అంతకుముందు అక్కడి పేద ఇళ్లలో పెళ్లికూతురికి ఉన్న పళ్లన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించి పంపడం కానుకగా ఉండేదట, మొగుడికి తరవాత ఖర్చు తగలకుండా. మన కట్నాల దేశంలో పుట్టినవాళ్లకు ఆ లాజిక్కు వెంటనే అర్థమవుతుంది. మూడేళ్లు తిరక్కుండా 1951లో ప్రభుత్వం పళ్ల సెట్లకూ కళ్లజోళ్లకూ డబ్బు వసూలు చేస్తానంటే, ఆ వ్యవస్థను కట్టిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవి వదిలి బయటికొచ్చాడు. పళ్ల సెట్టు కోసం మంత్రి పదవి! మన దగ్గర నవ్వుతారు. బ్రెజిల్ 2004లో నోటి ఆరోగ్యాన్ని ప్రభుత్వ వైద్యంలో భాగం చేసి, కుటుంబ వైద్య బృందాలకు దంత వైద్యులను జోడించింది, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులకు డబ్బిచ్చింది. అది కూడా పేదలున్న దేశమే.

మన దగ్గర కాగితం మీద లేనిదేమీ లేదు. 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 2016 మార్గదర్శకాల ప్రకారం ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ అయిదేళ్లకోసారి నోటి కేన్సరు పరీక్ష చెయ్యాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి ఫారం నింపుతుంది: నోట్లో మచ్చ ఉందా, మానని పుండు ఉందా, నోరు తెరవడం కష్టంగా ఉందా. మా పల్లెల్లో ఫారాలు నింపుతున్న ఆశాలు నాకు తెలుసు. అవును అని టిక్కు పెట్టాక ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలియదు. పంపితే ఆ గదికి తాళం. మళ్లీ ఊళ్లోకి వెళితే "నీ మాట ఇని ఎల్నాను, ఏటయ్యింది?" అని మొహం మీదే అడుగుతారు. అరకొర జీతానికి పనిచేసే ఇంకో ఆడదాని పరువు అక్కడ పోతుంది, పోస్టు మంజూరు చెయ్యనివాడి పరువు కాదు.

కాబట్టి అవగాహన సదస్సులు కొన్నాళ్లు ఆపుదాం. ఆ శక్తితో మన జిల్లాల్లో ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికి, ఏరియా ఆసుపత్రికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. పంటి డాక్టరు పోస్టు ఉందా, మనిషి ఉన్నారా, పోయిన సంవత్సరం కుర్చీ ఎన్ని రోజులు పనిచేసింది, ఎంతమందికి పన్ను తీశారు, ఎంతమందికి నింపారు, అందులో ఆడవాళ్లెందరు. నింపిన పళ్ల కంటే పీకిన పళ్లు ఎన్ని రెట్లు ఎక్కువో ఆ జవాబుల్లోనే బయటపడుతుంది. డాక్టరు ఏ రోజుల్లో ఉంటుందో తలుపు మీద తెలుగులో రాయమందాం. వెనక్కి పంపితే కారణమూ, మళ్లీ రావాల్సిన తేదీ చీటీ మీద రాసి సంతకం పెట్టమందాం. ఆ తేదీన చూడకపోతే అది రికార్డు అవుతుంది. పనులు ముగిశాక, మధ్యాహ్నం రెండు తరవాత వారానికి రెండు రోజులైనా పంటి ఓపీ నడపమందాం. సీతంపేట, కురుపాం వైపు కొండ పల్లెల ఆడవాళ్లు సంత రోజున ఎలాగూ దిగుతారు. కుర్చీ ఉన్న బండిని సంతకు పంపమందాం. పొగాకు మానమని చెప్పడం కూడా ఆ కుర్చీ దగ్గరే జరగాలి, నొప్పి తగ్గించిన చేతి మాట వింటారు. బస్సు సంగతి అడగక్కర్లేదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఎక్కి వెళితే అక్కడ తలుపు తెరిచి ఉండాలి, అంతే.

పిన్ని కథ మధ్యలో ఆపాను. పన్ను తీసిన రోజున నేను డాక్టరమ్మను అంగిలి కూడా చూడమని అడిగాను. పొద్దుటి నుంచి నలభైమందిని చూసి అలిసిపోయి ఉంది పాపం, అయినా టార్చి పట్టుకుని చూసింది. చూసి కాసేపు మాట్లాడలేదు. తెల్లమచ్చ, మధ్యలో ఎర్రచుక్కలు. నేను ఫోటోల్లో చూసినది, 1971 నాటి వ్యాసంలో చదివినది. అయిదుసార్లు వచ్చిన మనిషి నోట్లో అది ఎన్నాళ్ల నుంచి ఉందో. ముక్క తీసి పరీక్ష చేయించాలని విశాఖకు చీటీ రాసింది. అక్కడ ఇచ్చిన తేదీ సరిగ్గా నాట్ల రోజుల్లో పడింది. పిన్ని వెళ్లలేదు. సెప్టెంబరులో, రెండో తేదీకి, నేను వెంటపడి తీసుకెళ్లాను. కేన్సరు కాదని తేలింది. చుట్ట మానెయ్యాలి, ఆరు నెలలకోసారి నోరు చూపించుకోవాలి, దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో చూపించుకున్నా చాలు అన్నారు. చుట్ట దాదాపు మానేసింది, ఎవరూ చూడనప్పుడు ఒకటి తాగుతానని నాతోనే చెప్పింది.

ఆ డాక్టరమ్మ కాంట్రాక్టు 2025 మార్చిలో అయిపోయింది. గదికి తాళం ఉంది. చీటీ పిన్ని దగ్గర పాలిథిన్ కవర్లో, ఆధార్ కార్డు పక్కన ఉంది. ఆరు నెలల గడువు రెండుసార్లు దాటింది.